పెద్దాయన గదికి ప్రొజెక్టరు ఎంచిన రోజులు

ఇంట్లో ఒక గదిని సినిమా హాలులా చేసుకోవాలనే సరదా మన వైపు కూడా ఈ మధ్య బాగా పెరిగింది. ప్రొజెక్టర్లు, తెరలు, సౌండు రిసీవర్లు అమ్మి బిగించే పనిలోకి కొత్తగా దిగినవాళ్లు ఎవరో చెబితే నన్ను వెతుక్కుంటూ వస్తుంటారు. ఏ గదికి ఏది పెట్టించాలి, దేనికి ఎక్కువ ఖర్చు పెట్టించాలి అని అడుగుతారు. కొత్తగా వచ్చిన మోడళ్ల సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు నాయనా అంటాను. నేను చెప్పగలిగింది ఉద్దానంలో ఒక ఇంటి సంగతి. అందులో ప్రొజెక్టరు ఎంత ఉందో, నా కుళ్లు అంతకు రెండింతలు ఉంది. అది తీసేసి చెబితే కథ మిగలదు.

రీళ్ల కాలంలో నేను టెక్కలిలో ఒక హాలులో ఆపరేటరును. క్యాబిన్‌లో ఇద్దరం ఉండేవాళ్లం. రెండో అతన్ని నేను బావా అనేవాణ్ణి, అతనూ నన్ను బావా అనేవాడు. చుట్టరికం ఏమీ లేదు. మా వైపు అలా పిలుచుకోవడానికి చుట్టరికం అక్కర్లేదు. నేను మెషిను వదిలేవాణ్ణి కాదు. రీలు మారేటప్పుడు బొమ్మ ఎగరకూడదు, వెలుగు తగ్గకూడదు, అదే నా లోకం. బావ అలా కాదు. రీలు ఎక్కించగానే "సూసుకో బావా" అని మెట్లు దిగి, కింద బెంచీ క్లాసులో జనం మధ్య కూర్చునేవాడు. కాసేపటికి పైకి వచ్చి, బాల్కనీ కింద కూర్చున్నవాళ్లకు మాట సరిగ్గా వినపడటం లేదనో, ముందు వరసలో వాళ్లు తలలు వంచుకుని చూస్తున్నారనో చెప్పేవాడు.

అందువల్ల ఊళ్లో అందరికీ బావ ముఖం తెలుసు. టీ బడ్డీ దగ్గర అతని టీ డబ్బులు ఎవరో ఒకరు ఇచ్చేసేవారు. నా ముఖం చూసినవాళ్లు తక్కువ. బొమ్మ బాగా ఆడితే ఆ పేరు బావకు వెళ్లేది. మధ్యలో రీలు తెగితే మాత్రం హాలంతా లేచి ఆపరేటర్ని తిట్టేది. ఆ తిట్లు తినేది పైనున్న నేను. అప్పటికి బావ తాపీగా వేరుశనగలు నములుతూ వాళ్ల పక్కనే కూర్చుని ఉండేవాడు.

తర్వాత హాలుకు కొత్త పద్ధతి వచ్చింది. మీట నొక్కితే సినిమా ఆడే రోజులు వచ్చాక మా ఇద్దరితో పని లేకపోయింది. పలాసలో, కాశీబుగ్గ వైపు, ఎలక్ట్రానిక్స్ దుకాణం ఉన్న ఒకాయన మా ఇద్దర్నీ పెట్టుకున్నాడు. దుకాణం వెనక ఒక గదిని చీకటిగా చేసి, గోడలకు మెత్తలు కొట్టించి, వచ్చినవాళ్లకు హోం థియేటరు అంటే ఏమిటో చూపించేవాళ్లం. మాట్లాడి అమ్మే పని నాది. వైర్లు పట్టుకుని ఇళ్లకు వెళ్లి బిగించే పని ఎక్కువగా బావది. ఏళ్లు అలా గడిచాయి. చూస్తే ఇద్దరికీ సమానమే. నా లోపల మాత్రం ఒక తక్కెడ ఎప్పుడూ ఊగుతూ ఉండేది.

నా ఇల్లు హరిశ్చంద్రపురంలో. రోజూ రైల్లో పలాస వచ్చి పోయేవాణ్ణి. మా ఓనరు టెక్కలిలో హోం థియేటర్ల కోసమే ఒక కొత్త షాపు తెరుస్తాడని, మా ఇద్దరిలో ఒకర్ని అక్కడ పెడతాడని తెలిసినప్పుడు, అది నాదే అనుకున్నాను. ఇంటికి దగ్గర. బావకన్నా వయసులో పెద్దవాణ్ణి. అమ్మకాలన్నీ నా నోటి మీద జరిగినవే. అందులోనూ టెక్కలి నా పాత ఊరు. మా ఆవిడ అయితే పక్కింటివాళ్లకు చెప్పేసింది కూడా.

సరిగ్గా అప్పుడే ఉద్దానం పెద్దాయన మా దుకాణానికి వచ్చాడు.

సముద్రం ఒడ్డుకు దగ్గరలో ఊరు. కొబ్బరితోట, జీడితోట ఉన్న రైతు. ఉద్దానంలో ఎన్నో ఇళ్లలోకి దూరిన కిడ్నీ జబ్బు ఆయన ఇంట్లోకీ వచ్చింది. రోజు విడిచి రోజు పలాస వచ్చి డయాలసిస్ చేయించుకుని వెళ్లేవాడు. ఒకప్పుడు కొత్త సినిమా వస్తే మొదటి ఆటకే టెక్కలిలో వాలిపోయే మనిషట. ఇప్పుడు హాలులో అంతసేపు కూర్చునే ఓపిక లేదు. సినిమా దగ్గరకు ఈయన పోలేకపోతే సినిమానే ఇంటికి తెచ్చేద్దాం అని ఆయన భార్య పట్టుబట్టింది. ఆ రోజు ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చారు. ఆయన మోచేతి దగ్గర ఇంకా పట్టీ ఉంది.

ఆయన్ని సోఫాలో కూర్చోబెట్టి నా విద్యంతా చూపించాను. బాగా వెలుగున్న ప్రొజెక్టరు, గోడ మొత్తం కప్పేసే తెర, చుట్టూరా, పైకప్పులో కూడా స్పీకర్లు పెట్టుకోగలిగే పెద్ద రిసీవరు. ఇంకా తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, రిసీవరంటే వచ్చిన శబ్దాన్ని విడదీసి ఏ స్పీకరుకు పంపాల్సింది ఆ స్పీకరుకు పంపే పెట్టె. హెలికాప్టరు నెత్తి మీదుగా వెళ్లే సీను ఒకటి వేస్తే పెద్దాయన తల పైకెత్తి చూశాడు. ఇక అయిపోయింది, పడ్డాడు అనుకున్నాను. ఆయన భార్య కూడా తల ఊపింది.

వాళ్లు లేవబోతుంటే బావ భుజాన వైరు చుట్ట వేసుకుని లోపలికి వచ్చాడు. పెద్దాయన అతన్ని పరకాయించి చూసి, ముఖం విప్పార్చుకుని, టెక్కలి హాలులో మా బెంచీలో వచ్చి కూకునేవోడివి నువ్వే కదూ అన్నాడు. బావ నవ్వాడు. అదే హాలులో, అదే క్యాబిన్‌లో, అన్నేళ్లు ఆయనకు సినిమా చూపించినవాణ్ణి నేను. అంతసేపటి నుంచీ ఆయన ఎదురుగా నిలబడి నోరు నొప్పెట్టేలా మాట్లాడుతున్నవాణ్ణి నేను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. నేనూ అక్కడి ఆపరేటరునేనని చెబితే, అలాగా అని మర్యాదకు ఒక మాట అని మళ్లీ బావ వైపు తిరిగాడు.

బావ వైరు చుట్ట దించి ఆయన పక్కన కూర్చున్నాడు. సినిమా ఊసే ఎత్తలేదు. ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లాక ఎక్కడ పడుకుంటారు, తల ఏ వైపు పెడతారు, కళ్లు తిరుగుతాయా, తలనొప్పి ఉంటుందా, ఇవే అడిగాడు. ఆయన భార్య ఒక్కోదానికి జవాబు చెబుతుంటే చివరికి ఇల్లు చూశాక ఏది పెట్టాలో చెబుతాం అన్నాడు. నేను చేతిలో పెట్టుకున్న బేరం మళ్లీ గాలిలోకి లేచింది. వాళ్లు వెళ్లాక అడిగితే బావ, "ఆయన అంతసేపు కూకోనేడు బావా. తొంగుని సూత్తాడు. మనం కూకున్నోడికి అమ్మేత్తన్నాం" అన్నాడు. పడుకుని చూసే మనిషికి కూర్చుని చూసేవాడి సామాను చెప్పానన్నమాట. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే నాకు మండింది.

మర్నాడు ఇద్దరం అతని బండి మీద ఆ ఊరు వెళ్లాం. దారి పొడుగునా కొబ్బరి, జీడి, పనస. బావ ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాడు. వెనక కూర్చుని నేను అతని మెడ చూస్తూ, ఈ మనిషికి అందరూ ఎందుకు ఇలా పడిపోతారా అని ఆలోచిస్తున్నాను.

ముందుగదిలో పెద్దాయన వాలుకుర్చీ ఉంది. ఎదురుగా తెల్లటి గోడ. కుర్చీ వెనక వైపు సముద్రం దిక్కుకు పెద్ద కిటికీ. పెద్దాయన పక్కనే మంచం మీద కూర్చుని ఉంటే, బావ ఆవిడను అడిగి ఆ కుర్చీలో వాలాడు. అలా పడుకునే నన్ను గోడ దగ్గర నిలబడమని, చేతులు చాపమని, ఇంకొంచెం కిందికి, ఇంకొంచెం కిందికి అని కొలత చూశాడు. గోడంత తెర పెడితే ఆయన తల అటూ ఇటూ తిప్పాల్సి వస్తుంది, డయాలసిస్ అయిన రోజు అసలే తల తిరుగుతుంది, కాబట్టి చిన్న తెర చాలన్నాడు. చుట్టూ స్పీకర్లు వద్దు, ముందు వైపు మంచివి మూడు పెడితే మాట స్పష్టంగా వినబడుతుంది, దానికి చిన్న రిసీవరు సరిపోతుందన్నాడు. ప్రొజెక్టరు కూడా నేను చెప్పినంత వెలుగుది వద్దట. కళ్లకు మెత్తగా ఉండేది, నలుపు నిండుగా కనిపించేది చాలట. కిటికీకి మందపాటి కర్టెన్లు వేస్తే సరిపోతుందట.

నేను ఊరుకోలేదు. ఆయన ముందే, అంత చిన్న తెర పెడితే ఊళ్లోవాళ్లు నవ్వుతారని, వెలుగు తక్కువదైతే పగటిపూట బొమ్మ అలికినట్టుంటుందని గట్టిగానే అన్నాను. పెద్దాయన నా వైపు చూడకుండానే, ఆయన సెప్పిందే ఎట్టండి అన్నాడు.

దుకాణానికి వచ్చాక బావ జరిగిందంతా ఓనరుకు చెప్పాడు. చిన్న తెర, చిన్న రిసీవరు అంటే ఓనరు మొహం ముడుచుకుంటాడని నేను ఎదురుచూశాను. ఆయన సంతోషించాడు. ఇలా ఇంటికి వెళ్లి మనిషిని చూసి చెబితే ఆ మనిషి ఇంకో పదిమందిని పంపిస్తాడు అని, అక్కడికక్కడే, నా ముందే, టెక్కలి షాపు నువ్వు చూసుకో అని బావతో అనేశాడు.

ఆ సాయంత్రం రైల్లో కిటికీ పక్క సీటు దొరికినా కూర్చోలేదు. ఇంటికి వెళ్లాక మా ఆవిడ అడిగితే ఇంకా ఏమీ తేలలేదన్నాను. ఆ తర్వాత కొన్నాళ్లు బావ ఏం చేసినా నాకు గిట్టేది కాదు. నవ్వితే ఎక్కువ నవ్వుతున్నాడనిపించేది. నవ్వకపోతే అప్పుడే పెద్దరికం వచ్చిందనిపించేది. అతను నాకు ఏ అన్యాయమూ చేయలేదు. చేసి ఉంటే బాగుండేది, తిట్టుకోవడానికి ఒక కారణమైనా ఉండేది. అసూయలో ఉన్న కష్టం అదే. ఎదుటివాడు మంచివాడైతే అది ఇంకా ముదురుతుంది.

బిగించే రోజు రానే వచ్చింది. పైకప్పుకు ప్రొజెక్టరు ఎక్కించడానికి ఇద్దరు మనుషులు కావాలి కాబట్టి నేనూ వెళ్లాను. అది పైకి చెప్పుకున్న కారణం. అసలు కారణం, ఎక్కడో ఒకచోట బావ లెక్క తప్పుతుందని, అది కళ్లారా చూడాలని. ఓనరు కూడా కారులో వచ్చాడు. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికల్లా అన్నీ అమర్చాం. కర్టెన్లు వేసి, సినిమా పెట్టాం.

బొమ్మ అద్భుతంగా ఉంది. ఇంత అనుభవంలో నాకు తెలుసు కదా, ఎక్కడ చూడాలో అక్కడే చూశాను. అంచులు చూశాను, నీడలు చూశాను, మనిషి ముఖం రంగు చూశాను. వంక లేదు. మాట చెవి పక్కన చెప్పినట్టు వినబడుతోంది. పెద్దాయన కుర్చీలో వాలి, తల కదపకుండా, తెర మొత్తం చూస్తున్నాడు. నేను మిగిలిన స్క్రూలు ఏరి డబ్బాలో వేసుకోవడం మొదలుపెట్టాను.

కాసేపటికి ఆయన కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. గుండె మీద చెయ్యి వేసుకుని, భార్యతో కిటికీ తీయమన్నాడు. ఆవిడ వెంటనే వెళ్లి కర్టెను పూర్తిగా లాగేసి, రెక్కలు తెరిచింది. సముద్రపు గాలి, దానితో పాటు ఎండ వెలుగు, గదిలోకి ఒక్కసారి వచ్చాయి. తెర మీద బొమ్మ ఉతికి ఉతికి వెలిసిపోయిన చీరలా అయిపోయింది.

అందరం ఆయనకు ఏమైందోనని కంగారు పడితే ఆవిడే చెప్పింది. ఆసుపత్రిలో ఆ మూసిన గదిలో, మిషను పక్కన, అంతసేపు కదలకుండా పడుకుని వస్తాడు. ఇంటికి వచ్చాక తలుపు మూసినా కిటికీ మూసినా ఊపిరి ఆడనట్టు ఉంటుందట. జబ్బు మొదలైన దగ్గర్నుంచి ఆ కిటికీ మూసిందే లేదట. సినిమా మీద ఇష్టంతో ఈ రోజు ఓర్చుకుందామని చూశాడు, వల్ల కాలేదు. బావ అన్ని ప్రశ్నలు అడిగాడు, ఇది అడగలేదు. మేమెవరమూ అడగలేదు.

ఓనరు బావ వైపు చూశాడు. నేను చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాను. నా లోపల దీపావళి. పగటిపూట బొమ్మ అలికినట్టుంటుందని నేను ఈ గదిలోనే చెప్పాను, అందరూ విన్నారు. ఇప్పుడు ఏ మాట అనాలి, ఏ గొంతుతో అనాలి అని లోపలే సరిచూసుకుంటున్నాను. కిటికీ సంగతి నాకు మాత్రం తెలుసా అంటే తెలియదు. ఎక్కువ వెలుగున్నది ఎక్కువ గొప్పగా ఉంటుందని చెప్పానే గాని ఆయన ఊపిరి గురించి ఆలోచించి కాదు. కానీ గెలుపు ఎలా వచ్చినా గెలుపే కదా అనుకున్నాను.

ఈలోగా ప్రొజెక్టరు దగ్గర నిచ్చెన మీదున్న బావ కిందికి దిగి, అందరి ముందూ నా వైపు తిరిగాడు.

"బావా, నువ్వు ముందే సెప్పేవు. నాను ఇన్నేదు. ఇప్పుడేటి సేద్దాం, నువ్వే సెప్పు."

స్క్రూడ్రైవరు అందుకోమన్నంత మామూలుగా అడిగాడు. గొంతులో సిగ్గు లేదు, కోపం లేదు, నన్ను మంచి చేసుకుందామన్న తాపత్రయమూ లేదు. నేను వెతుక్కుని పెట్టుకున్న మాటల్లో ఒక్కటీ అక్కడ పనికిరాలేదు. అతను ఓడిపోతే చూద్దామని వచ్చిన నాకు, ఓడిపోవడం కూడా నాకన్నా అతనికే బాగా చేతనవునని తెలిసింది. ఆ క్షణంలో నాకు పుట్టిన కుళ్లు ముందటిదానికన్నా పెద్దది. టెక్కలి షాపు పోతే పోయింది, ఆ ఒక్క మాట అలా అడగడం నాకు వచ్చి ఉంటే బాగుండుననిపించింది.

అడిగినవాడికి జవాబు చెప్పకుండా ఉండటం ఎలా? గది చుట్టూ చూశాను. క్యాబిన్‌లో అన్నేళ్లు కూర్చున్నందుకు వెలుగు ఎటు నుంచి ఎటు పోతుందో చూడటం అలవాటు. కిటికీలోంచి వచ్చే వెలుగంతా ఎదురు గోడ మీద, సరిగ్గా మేం తెర కట్టినచోటే పడుతోంది. కిటికీ ఉన్న గోడ మీద మాత్రం నేరుగా పడదు. తెరను ఆ గోడకే, కిటికీ పక్కనే పెడదాం అన్నాను. కుర్చీ ఇటు తిప్పితే ఆయనకు సినిమా, సముద్రం గాలి రెండూ ఎదురుగానే ఉంటాయి. తెల్లతెర బదులు వెలుగున్న గదిలోనూ నలుపు నిలిచే బూడిదరంగు తెర తెద్దాం, ప్రొజెక్టరు నేను చెప్పిన వెలుగున్నది తెద్దాం అన్నాను. కిటికీ పక్కన మిగిలిన జాగా బావ చెప్పిన చిన్న తెరకే సరిపోతుంది. నేను చెప్పిన గోడంత తెర అక్కడ పట్టదు. ఆ మాట నేను పైకి అనలేదు. అందరికీ కనబడుతూనే ఉంది.

పెద్దాయన కుర్చీని ఇటు తిప్పించుకుని, ఉత్త గోడ వైపు, కిటికీ వైపు మార్చి మార్చి చూసి, ఇలగే బాగుంటాది అన్నాడు. ఆ వారంలోనే సామాను మార్చి బిగించేశాం. ఇద్దరం కలిసే చేశాం. పని బాగా కుదిరింది.

ఓనరు మాత్రం టెక్కలి విషయం మార్చలేదు. ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. నువ్వు లేకపోతే ఇక్కడ అమ్మేదెవరు అన్నాడు. పొగిడి కాళ్లకు బంధం వేయడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. బావ టెక్కలి వెళ్లిపోయాడు. వెళ్లేముందు మా ఇంటికి వచ్చి భోజనం చేసి వెళ్లాడు. మా ఆవిడ అతనికి చేపల పులుసు రెండుసార్లు వేసింది. అది కూడా నేను గమనించాను.

పెద్దాయన తన ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ ఆ గది చూపించేవాడు. టెక్కలి బావ ఎట్టిన సినిమా అని చెప్పేవాడు. తెర ఉన్న గోడ నేను చెప్పింది. ప్రొజెక్టరు నేను చెప్పింది. పేరు మాత్రం అతనిది. సంతబొమ్మాళి వైపు నుంచి, ఉద్దానం ఊళ్ల నుంచి ఆ గది చూసినవాళ్లంతా టెక్కలి షాపుకు వెళ్లేవారు. పనిలో పేరు అలాగే పోతుంది, మీరు కూడా సిద్ధపడి ఉండండి. పోయినప్పుడు నొప్పి ఉండదని మాత్రం నేను చెప్పను.

మరుసటి ఎండాకాలం పెద్దాయన భార్య దుకాణానికి ఫోను చేసింది. మాట సన్నగా వినబడుతోందట. బావకు చేస్తే అతను వేరే ఊళ్లో ఉన్నాడట, మా దుకాణానికే చెప్పమన్నాడట. అంటే నేను రెండో మనిషిని. అదీ మనసులో పెట్టుకునే వెళ్లాను. రిసీవరులో ఎవరో చుట్టాలు మీటలు నొక్కి, మధ్య స్పీకరు శబ్దం తగ్గించేశారు. అంతకన్నా ఏమీ లేదు. నిమిషంలో సరిచేశాను. పెద్దాయన బాగా చిక్కిపోయాడు. సినిమా వేసి చూపించాను. ఆవిడ నాకు చెక్కిన కొబ్బరిబొండాం తెచ్చి ఇచ్చింది. ఎండలో వచ్చానేమో, గటగటా తాగడం మొదలుపెట్టాను. తాగుతూ చూస్తే పెద్దాయన తెర వైపు చూడటం లేదు. నా గొంతు వైపు చూస్తున్నాడు.

"ఆపరేటరా," అన్నాడు మెల్లగా, "మీ బావంటే నీకు కుళ్లు కదా."

నీళ్లు గొంతుకు అడ్డం పడ్డాయి. అదేం లేదు బాబూ అన్నాను.

"నాకాడ దాపరికం ఏటి? ఆ రోజు కిటికీ తీసినప్పుడు నీ మొకం సూసేను. ఆ సూపు నాకు తెలుసు. రోజూ నాను సూసే సూపే అది." ఊపిరి తీసుకుని, కిటికీ బయటికి చెయ్యి చూపించాడు. "ఈ తోటలో సెట్లన్నీ నా సేత్తో ఏసినవి. ఈ జబ్బుతో ఆటి నీల్లు నాను ముట్టకూడదంట. మామూలు నీల్లు కూడా మా ఇంటిది కొలిసి ఇత్తాది. పనోడు సెంబెత్తి గొంతులో పోసుకుంటుంటే ఆడి గొంతుకేసే సూత్తాను. మంచోడు ఆడు. నాకే పాపం సెయ్యనేదు. అయినా కుళ్లే."

నేను బొండాం కింద పెట్టబోయాను.

"దించకు. నువ్వు మానేత్తే నాకు దప్పిక తీరతాదేటి? తాగు. తాగి ఎలగుందో సెప్పు."

ఆవిడ గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మళ్లీ బొండాం ఎత్తాను. ఈసారి గటగటా కాదు, ఒక్కో గుక్కే, నాలుక మీద నిలిపి తాగాను. ఆయన కళ్లు నా గొంతు మీదనే ఉన్నాయి. మొత్తం తాగాక చెప్పాను.

"ముందు పిసరంత ఉప్పగా ఉంది బాబూ. ఎనకాల తియ్యగా వచ్చింది. లేతది."

పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. ఆయన గొంతు ఒకసారి కిందికి పైకి కదిలింది.

"గట్టు మీద సెట్టుది అయ్యుంటాది," అన్నాడు. "దాని నీల్లు అలగే ఉంటాయి."